పరుగు సరే.. అలసిపోయాక బుర్ర పనిచేస్తుందా?

ఆర్మీ ర్యాలీ నోటిఫికేషన్ పడిందంటే చాలు, నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని వైపు కుర్రాళ్లు తెల్లారకముందే రోడ్డెక్కుతారు. అగ్నివీర్‌కో, కానిస్టేబుల్‌కో పరుగు తీసేవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. ఆఫీసర్ కొలువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘అది మనలాంటోళ్లకు కాదులే’ అంటూ ఇంట్లోనే గేటు పడిపోతుంది. నిజానికి ఆఫీసర్ శిక్షణకు కావాల్సిన ఒంటి కష్టం ఇక్కడి పిల్లలకు కొత్త కాదు. ఒళ్లు హూనమయ్యాక కూడా సరిగా ఆలోచించడం, నలుగురి ముందు నోరు విప్పడం.. వీటికే సాధన కావాలి.

రెండు దారులు

గల్వాన్ ఘర్షణలో 2020 జూన్ 15న అమరుడైన కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. ఆరో తరగతిలో విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరి, అక్కణ్నుంచి పుణె సమీపంలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)కి వెళ్లారు. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య డిగ్రీ అయ్యాక చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ) ద్వారా సైన్యంలోకి వచ్చారు. కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 28 నాటి దాడిలో తీవ్రంగా గాయపడి కదల్లేని స్థితిలో ఉండి కూడా, తనను వదిలేసి ముందుకు దూకమని జవాన్లను ఆదేశించారు. వాళ్లు ఆ స్థావరాన్ని పట్టుకున్నారు. ఇద్దరికీ మరణానంతరం మహావీర్ చక్ర దక్కింది.

చిన్న తరగతుల పిల్లలుంటే సైనిక్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష రాయించండి. ఆరు, తొమ్మిది తరగతుల్లో చేరొచ్చు. ఆరో తరగతి పరీక్ష తెలుగులోనూ ఉంటుంది. రాయలసీమలో కలికిరి సైనిక్ స్కూల్ ఉంది. ఇంటర్ వాళ్లకు ఎన్‌డీఏ, డిగ్రీ వాళ్లకు సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్షలను యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పెడుతుంది. ఎన్‌సీసీలో ‘సి’ సర్టిఫికెట్ ఉన్న డిగ్రీవాళ్లకు రాతపరీక్ష లేకుండానే ఇంటర్వ్యూకు వెళ్లే ప్రత్యేక ప్రవేశం ఉంది. ఎన్‌డీఏలో అమ్మాయిలు 2022లో అడుగుపెట్టారు. ఆ తొలి బ్యాచ్‌లో 17 మంది 2025 మేలో శిక్షణ ముగించారు.

ఐదు రోజుల వడపోత

రాతపరీక్ష దాటితే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ. మనకు దగ్గరి కేంద్రం బెంగళూరు. మొదటి రోజు పరీక్షల్లోనే చాలామంది ఇంటిముఖం పడతారు. మిగిలినవాళ్లకు మానసిక పరీక్షలు. తెర మీద ఒక మాట కనిపిస్తుంది, 15 సెకన్లలో వాక్యం రాయాలి. అలా వరసగా 60 మాటలు. తర్వాత 60 సందర్భాలకు అరగంటలో జవాబులివ్వాలి. కోచింగ్‌లో బట్టీపట్టిన వాక్యాలు ఇరవయ్యో మాట దగ్గరే అయిపోతాయి, ఆపైన రాసేది మీ అసలు స్వభావమే.

మైదానంలో ఒక బల్ల, దుంగ, తాడు ఇచ్చి, నేలకు కాలు తగలకుండా జట్టంతా అవతలికి చేరాలంటారు. గట్టిగా అరిచినవాడు నాయకుడు కాడక్కడ. దుంగ పొడవు చాలదని ముందే గమనించి, పక్కవాడి ఆలోచన బాగుంటే ఒప్పుకుని, వెనకబడిన వాడికి చెయ్యందించేవాణ్ని అధికారి రాసుకుంటాడు.

ఇంటర్వ్యూలో కుటుంబం గురించి, మోసిన బాధ్యతల గురించి అడుగుతారు. అమ్మానాన్నలతో సుగ్గికి (వలస పనులకు) వెళ్లి మిరప కోతల్లో పనిచేసినవాళ్లు, అమ్మానాన్నలు వెళ్తే తమ్ముణ్ని, చెల్లెల్ని చూసుకుంటూ చదివినవాళ్లు ఆ సంగతి దాచుకోవక్కర్లేదు. ఏ ఇబ్బంది వచ్చింది, మీరేం చేశారు అన్నది సూటిగా చెప్తే చాలు.

అకాడమీలో జరిగేది

ఎన్‌డీఏలో మూడేళ్లు, ఆపైన ఆర్మీ వాళ్లకు డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ (ఐఎంఏ)లో ఏడాది. ఓటీఏలో 49 వారాలు. తెల్లవారుజామున పీటీ, డ్రిల్, ఆ వెంటనే క్లాసు. కళ్లు మూతలు పడుతున్నా పాఠం వినాలి, పరీక్ష పాసవ్వాలి. తుపాకీ, వీపు మీద బరువు, బూట్లతో 5 కిలోమీటర్ల పరుగుంటుంది. క్యాంపుల్లో రాత్రిపూట మ్యాపు, కంపాస్ పట్టుకుని దారి వెతుక్కోవాలి. నిద్రలేక, ఆకలిగా ఉన్నప్పుడే ‘ఇప్పుడు జట్టును ఎటు తీసుకెళ్తావ్?’ అన్న ప్రశ్న వస్తుంది. పద్మపాణి ఆచార్య చివరి ఆదేశం లాంటిది ఇలాంటి రాత్రుల్లోనే అలవాటవుతుంది.

మొదటి టర్మ్ మనసుకు గట్టి దెబ్బ. ఒకడు తప్పు చేస్తే జట్టంతటికీ శిక్ష. డ్రిల్ పరీక్ష పాసయ్యేదాకా బయటికి పంపరు. ప్రమాణాలు అందుకోలేకపోతే ఆరు నెలలు వెనక్కి వేస్తారు. ఊళ్లో ఫస్టు వచ్చినవాడు అక్కడ ఆఖర్న నిలబడొచ్చు. ఆ అవమానాన్ని దిగమింగి మర్నాడు మళ్లీ వరసలో నిలబడగలగడమూ శిక్షణే.

ఇప్పటి నుంచే ఏం చేయాలి?

శిక్షణకు వచ్చేవాళ్లు కనీసం ఎలా ఉండాలో యూపీఎస్సీ నోటిఫికేషన్లోనే సూచిస్తుంది: 15 నిమిషాల్లో 2.4 కిలోమీటర్ల పరుగు, పుషప్స్, సిటప్స్ ఇరవయ్యేసి, చినప్స్ 8, 3-4 మీటర్ల తాడు ఎక్కడం, స్కిప్పింగ్. మన దగ్గర పరుగుకు లోటుండదు, చినప్స్, తాడు దగ్గరే తేలిపోతారు. వేపకొమ్మకు తాడు కడితే సరిపోతుంది. కర్నూలు ఎండల్లో మధ్యాహ్నం పరుగెత్తకండి.

పరుగవగానే చెమట ఆరకముందే పది లెక్కలు చేయండి. రోజూ పేపర్లో ఒక వార్త తీసుకుని మూడు నిమిషాలు ఇంగ్లిష్‌లోనో, హిందీలోనో స్నేహితుల ముందు మాట్లాడండి. ఎన్‌డీఏ ప్రశ్నపత్రం ఆ రెండు భాషల్లోనే ఉంటుంది. ఊళ్లో జాతరకో, కబడ్డీ పోటీకో ఒక బాధ్యత నెత్తినేసుకుని చివరిదాకా చేయండి.

ఒక జాగ్రత్త. దూరం, బరువు ఒక్కసారిగా పెంచితే కాలి ఎముకలో సన్నటి పగుళ్లు వస్తాయి. నొప్పి దాచుకుని పరుగెత్తినవాడే ఎక్కువ నష్టపోతాడు. శిక్షణలో గాయపడి ఇంటికి చేరిన కేడెట్ల దుస్థితిని 2025లో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. ఆ ఏడాదే వారికి మాజీ సైనికుల వైద్య పథకాన్ని వర్తింపజేశారు. ఈ దారిలో ఈ ప్రమాదం కూడా ఉందని తల్లిదండ్రులకు ముందే చెప్పండి.

ఖర్చుకు భయపడి మాత్రం ఆగిపోవద్దు. ఎన్‌డీఏలో శిక్షణ, తిండి, వసతి ప్రభుత్వానివే. ఓటీఏ, ఐఎంఏ కేడెట్లకు నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ వస్తుంది. తొలిసారి ఎస్‌ఎస్‌బీకి వెళ్లేవారికి రైలు ఛార్జీలూ ఇస్తారు. మొదటిసారి రాకపోతే వయసున్నంత వరకు మళ్లీ వెళ్లొచ్చు. ఎన్‌డీఏకు పందొమ్మిదిన్నర ఏళ్ల లోపు వయసుండాలి కాబట్టి ఇంటర్ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టండి, డిగ్రీలో ఉంటే ఈ వారమే మీ కాలేజీలో ఎన్‌సీసీ ఉందేమో కనుక్కోండి.