రేవులలో పరదేశి వర్తకులు

పాఠ్యభాగము: యెహెజ్కేలు 27వ అధ్యాయము

ప్రియులారా, ఈ అధ్యాయము చదువునప్పుడు కూటములో పలువురికి విసుగు పుట్టుట మేమెరుగుదుము. తూరు పట్టణపు సరకుల పేరులే గదా యని త్వరగా దాటిపోవుదురు. అయితే 13వ వచనమునొద్ద నిలువవలెను. అచ్చట ఇత్తడి సామానులతోపాటు మనుష్యులును సరకుగా లెక్కింపబడిరి. ప్రవక్త దానిని వేరుగా ఎత్తి చెప్పలేదు. పట్టిక నడుమనే చెప్పి సాగిపోయెను.

తూరు మనకు దూరమనుకొనవద్దు. మన కోకాపేటకు కొన్ని మైళ్లలోనున్న గోల్కొండ రాజ్యమునకు మచిలీపట్నము ముఖ్యమైన రేవు. 17వ శతాబ్దారంభమున డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును అచ్చట దిగిరి. 1632లో సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషు కంపెనీకి బంగారు ఫర్మానా నిచ్చెను. ఏటికి 500 వరహాలు చెల్లించినయెడల తన రేవులలో స్వేచ్ఛగా వర్తకము చేయవచ్చునని అందలి ఏర్పాటు.

వారికి కావలసినది మన బట్ట. చిరువేరుతో ఎర్రరంగు పట్టించిన అద్దకపు బట్టలను తూర్పు దీవులకు కొనిపోయి, వాటికి బదులుగా మిరియాలు, లవంగాలు తెచ్చుకొనెడివారు. నేతగానికి ముందుగా బయానా ఇచ్చెదరు. బయానా పుచ్చుకొనినవాడు ఆ బట్ట అప్పగించువరకు కట్టుబడియుండవలెను. ఫర్మానాలో సుల్తాను పేరున్నది, కంపెనీ పేరున్నది. మగ్గమునొద్ద కూర్చున్నవానిని అడిగినవారు లేరు. కరవు వచ్చినప్పుడు సంగతి మరింత ఘోరమాయెను. ఆ శతాబ్దములో డచ్చివారు ఈ కోరమాండలు తీరమున ఆకలిగొన్న మనుష్యులను వేలకొలదిగా బానిసలుగా కొని, బటావియాకు ఓడలెక్కించిరి. 13వ వచనము మన తీరమునే నెరవేరినట్లున్నది.

తరువాత గోదావరి పాయ ఒడ్డున 1723లో ఫ్రెంచివారు యానాములో స్థలము సంపాదించిరి. ప్రక్కనే ఇంజరములో ఇంగ్లీషువారి కొఠీ. ఒకే నది, రెండు జెండాలు. యానాములో ఫ్రెంచి చట్టమే చెల్లెను. బాల్యవివాహములను ఆపుటకు 1929లో ఇంగ్లీషువారి యేలుబడిలో శారదా చట్టము వచ్చినప్పుడు అది యానాములో చెల్లలేదు గనుక, చుట్టుప్రక్కల తెలుగు తలిదండ్రులు తమ చిన్నపిల్లలను అచ్చటికి తీసికొనిపోయి పెండ్లిండ్లు చేసిరి. యానామునకు కల్యాణపురమను పేరు వచ్చినదందుచేతనే. తప్పు పరదేశిది మాత్రమే కాదని దీనివలన తేటపడుచున్నది. 1954లో ఫ్రెంచి పాలన ముగిసెను. 1962లో ఒడంబడిక ప్రకారము యానాము పూర్తిగా మన దేశమున చేరెను.

చీనాదేశములో ఈ పద్ధతి చాల పెద్దదై పెరిగెను. నల్లమందు యుద్ధములో ఓడిన చీనావారిచేత 1842లో నాన్కింగులో సంతకము చేయించి, ఇంగ్లీషువారు అయిదు రేవులు తెరిపించుకొనిరి. 1858 ఒడంబడికల పిమ్మట యాంగ్ట్సీ నదిమీద సముద్రమునకు వందల మైళ్ల లోపలనున్న హాంకౌ సహితము 1861లో తెరువబడెను. అచ్చట నది ఒడ్డున ఇంగ్లీషువారు, తరువాత జర్మనులు, రష్యావారు, ఫ్రెంచివారు, జపానువారు వేరువేరుగా పేటలు కట్టుకొనిరి. ఇంగ్లీషువాడు నేరము చేసినను చీనా న్యాయాధిపతి విచారింపరాదు. వాని దేశపు కాన్సలే విచారించును. ఇంగ్లండు, అమెరికా ఈ హక్కును వదలుకొనినది 1943లో.

ఆ నల్లమందు మన దేశపు పొలములలో, కంపెనీ బయానాతో పండినదే. మరియొక సంగతి కలదు. మిషను సెమినరీలో చదివిన మాకు దీనిని చెప్పుట కష్టమే గాని దాచము. మిషనెరీలు చీనా లోపలి ప్రాంతములకు పోవుటకు అనుమతి దొరికినది ఆ 1858 ఒడంబడికలలోనే. వాటి వెంట అదే ఏట కుదిరిన సుంకముల పట్టికలో నల్లమందుకు న్యాయమైన సరకుగా చోటు దొరికెను. ఆ నిందను అనేక సంవత్సరములు మోసినవారు చీనా విశ్వాసులు.

ఇప్పుడు మన ఊరి సంగతి. 2023లో కోకాపేట నేల వేలములో ఎకరము 100 కోట్ల రూపాయలు దాటెను. మన చుట్టును పరదేశపు కంపెనీల కార్యాలయములు లేచినవి. వీటికి యానామువలె వేరు జెండా లేదు, వేరు న్యాయస్థానము లేదు. మన చట్టమే చెల్లును. ఈ భేదము చిన్నది కాదు. మన బిడ్డలకు వాటివలన అన్నము దొరుకుచున్నదనియు ఒప్పుకొనవలెను. అయినను కాంట్రాక్టు పనికి పోవువారిలో తాము సంతకము చేసిన కాగితము చదివినవారు ఎందరు?

ఈ నెల కూటమునకు యౌవనస్థులు ఆ కాగితములు వెంట తెచ్చుకొనవలెను. 13వ వచనము చదివిన పిమ్మట వాటినిగూడ ఒక్కొక్క వరుసగా కలిసి చదువుదుము.