ఆకు కషాయంతో నానో కణాలు: మన చేనుకు ఏది పనికొస్తుంది, ఏది రాదు

'మూలికలతో చేసిన నానో మందు' అని రాసిన సీసా ఎవరైనా మీ చేతిలో పెడితే ఏం అడగాలి? అది ప్రకృతి వ్యవసాయంలోకి వస్తుందా, రాదా? ఆకు ఉంది కాబట్టి అంతా సహజమే అని నమ్మేయాలా? ఈ పాఠం దాని గురించే. వీడియోలో రంగు మారడం వరకే చూపించాం, అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాం.

ముందు నానో అంటే ఏమిటో చూద్దాం. మీటరును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు. 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండే కణాలను నానో కణాలు అంటారు. వస్తువు అంత చిన్నదైతే దాని గుణమే మారిపోతుంది. బెల్లం గడ్డ కంటే బెల్లం పొడి తొందరగా కరుగుతుంది కదా, నీటికి తగిలే పైభాగం పెరుగుతుంది కాబట్టి. ఇక్కడా అంతే, కాకపోతే లక్షల రెట్లు.

ఆకులతో చేసే పద్ధతి మన దేశంలో బాగా తెలిసింది పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల వల్ల. అక్కడ మురళీ శాస్త్రి గారి బృందం 2004లో వేపాకు కషాయంతో వెండి, బంగారం నానో కణాలు తయారుచేసి చూపించింది. మన రాయలసీమలో ఈ పని తిరుపతిలో జరిగింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సావిత్రమ్మ గారు, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి తిరుపతి పరిశోధన స్థానంలో టి.ఎన్.వి.కె.వి. ప్రసాద్ గారు కలిసి, శేషాచలం కొండల్లో పెరిగే కొండ గుగ్గిలం చెట్టు బెరడుతో వెండి కణాలు చేసి 2010లో ప్రకటించారు. మరుసటి ఏడు మునగాకుతో చేసిన పని కూడా వచ్చింది.

ఎట్లా చేస్తారంటే, శుభ్రంగా కడిగిన ఆకు పది గ్రాములు సన్నగా తరిగి, 100 మి.లీ. స్వేదన జలంలో కొద్దిసేపు మరిగించి వడగడతారు. ఇంకో పాత్రలో లీటరు స్వేదన జలానికి 0.17 గ్రాముల సిల్వర్ నైట్రేట్ కలుపుతారు. ఈ వెండి నీళ్లు 90 మి.లీ. తీసుకుని కషాయం 10 మి.లీ. పోస్తే, కాసేపటికి లేత పసుపు, తర్వాత డికాషన్ లాంటి గోధుమ రంగు వస్తుంది. నీళ్లలో కరిగి ఉన్న వెండికి ఆకులోని పాలీఫినాల్స్, ఫ్లేవనాయిడ్లు ఎలక్ట్రాన్లు ఇస్తాయి. అప్పుడు వెండి అణువులుగా మారి, ఒకదానికొకటి అతుక్కుని చిన్న చిన్న కణాలవుతాయి. అవి మరీ పెద్దవైపోకుండా ఆకులోని పదార్థాలే చుట్టూ పొరలాగా కప్పుకుంటాయి. అంటే కషాయం రెండు పనులు చేస్తోంది: తయారు చేయడం ఒకటి, కాపాడడం ఒకటి. మూలికలో గొప్పతనం అంతా ఇక్కడే ఉంది. ఫ్యాక్టరీ పద్ధతిలో వాడే ఘాటైన రసాయనాల పని ఆకు చేసిపెడుతోంది. కానీ కణం మాత్రం వెండిదే, ఆకుది కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇది బేతంచెర్ల బోరు నీళ్లతో కాదు. నాపరాయి పొరల గుండా వచ్చే నీళ్లు, సబ్బు నురగ కూడా సరిగ్గా రాదని మీకు తెలిసిందే. నీళ్లలో ఉప్పు ఉంటే వెండి దాన్ని పట్టుకుని తెల్లగా విరిగిపోతుంది, నానో కణం రాదు. పైగా రంగు మారినంత మాత్రాన పని అయినట్టు కాదు. కణం సైజు ఎంతో తేల్చాలంటే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావాలి. సిల్వర్ నైట్రేట్ చేతికి తగిలితే చర్మం నల్లబడుతుంది, కంట్లో పడితే ప్రమాదం. అందుకే ఇంట్లో చేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇంకా పెద్ద కారణం ఉంది. వెండి కణాలు బాక్టీరియాను, బూజును చంపుతాయి. ప్రయోగశాలలో వాటిని మెచ్చుకునేది అందుకే. మరి మనం జీవామృతం, ఘనజీవామృతం పోసి ఏళ్ల తరబడి పెంచుకునేది ఏమిటి? అదే సూక్ష్మజీవులను! వెండికి మంచి బాక్టీరియా, చెడ్డ బాక్టీరియా అనే తేడా తెలియదు. వెండి కుళ్లిపోయి మాయమయ్యేది కూడా కాదు, నేలలోనే ఉంటుంది. గాజు పళ్లెంలో బూజు చచ్చిందని చెప్పిన ఫలితాన్ని పట్టుకొని చేనులో పిచికారీ చేయడం నా దృష్టిలో తొందరపాటు.

జింకు కథ వేరు. సున్నం ఎక్కువున్న నేలల్లో జింకు ఉన్నా వేరుకు అందదు. ప్రసాద్ గారి బృందమే బుడ్డల పంట (వేరుశనగ) మీద నానో జింక్ ఆక్సైడ్ ప్రయోగం చేసి 2012లో ప్రకటించింది. 2008-09, 2009-10 రబీల్లో, మామూలుగా వాడే చీలేటెడ్ జింకు మోతాదులో పదిహేనో వంతు మాత్రమే ఆకుల మీద కొడితే, దానితో పోల్చినప్పుడు కాయ దిగుబడి 29.5 శాతం, 26.3 శాతం ఎక్కువ వచ్చింది. విత్తనానికి పట్టించినప్పుడు 1000 పీపీఎం దగ్గర మొలక బాగుంది. 2000 పీపీఎం దగ్గర ఎదుగుదలే ఆగింది. రెట్టింపు వేస్తే రెట్టింపు లాభం అనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది, వాళ్ల కోసమే ఈ అంకె. ఇంకోటి, ఆ కణాలు ఆకుతో చేసినవి కావు, రసాయన పద్ధతిలో చేసినవి. కాబట్టి ఆ ఫలితాన్ని చూపించి 'మూలికల నానో' అమ్మితే ఒప్పుకోకండి.

మనకున్న దారి మనకుంది. పేడ, కసువు, ఆకు కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లాలు జింకును పట్టుకుని వేరు దాకా మోస్తాయి. నిదానం, కానీ సైజు కొలిచే యంత్రం అక్కర్లేదు.

ఇక మూలిక పదార్థాన్నే చిన్నది చేయడం అనే రెండో రకం ఉంది. ఇది మనకు దగ్గర చుట్టం. వేపనూనెను నీళ్లలో అతి సన్నని బొట్లుగా విడగొడితే నానో ఎమల్షన్ అంటారు. మనం సబ్బుతో కలిపినప్పుడు పాలలా తెల్లగా వస్తుంది చూడండి, బొట్లు ఇంకా పెద్దగా ఉండి వెలుగును చెదరగొడుతున్నాయని దాని అర్థం. నానో సైజుకు వస్తే ద్రవం దాదాపు తేటగా కనిపిస్తుంది. అంత సన్నగా చేయడానికి యంత్రాలు కావాలి. కానీ అందులోని సూత్రం మనం రేపే వాడుకోవచ్చు: బొట్టు ఎంత చిన్నదైతే ఆకు మీద అంత సమంగా పరుచుకుంటుంది.

మన బోరు నీళ్లలో మామూలు సబ్బు సున్నంతో కలిసి తెట్టు కడుతుంది. కుంకుడుకాయ రసానికి ఆ ఇబ్బంది చాలా తక్కువ. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె లెక్కన తీసుకుని, ముందు చిక్కటి కుంకుడు రసంలో పోసి, తెల్లగా అయ్యేదాకా కవ్వంతో బాగా చిలకండి. తర్వాతే నీళ్లు కొద్దికొద్దిగా కలపండి. గాజు గ్లాసులో పోసి పది నిమిషాలు ఉంచి చూడండి. పైన నూనె తేలితే మళ్లీ చిలకాల్సిందే, అట్లాగే కొడితే ఆకు మాడుతుంది. వేపలోని అజాడిరక్టిన్ ఎండకు, క్షారపు నీళ్లకు చెడిపోతుంది. వాన నీళ్లో, చెరువు నీళ్లో దొరికితే అవే వాడండి. కలిపినది నిల్వ పెట్టకుండా సాయంత్రం పూట కొట్టేయండి.

సీసా అమ్మేవాళ్లను అడగాల్సినవి ఇవి: లోపల ఉన్న లోహం ఏది? కణం సైజు ఎంత, ఎక్కడ కొలిచారు? ఏ పంట మీద, ఎన్ని సీజన్లు పొలంలో చూశారు? నానో వ్యవసాయ ఉత్పత్తుల భద్రతను ఎలా పరీక్షించాలో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ ప్రకారం పరీక్షలు చేయించారా? సేంద్రియ ధ్రువీకరణ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. ఐరోపా సమాఖ్య 2018/848 నిబంధన ప్రకారం, కావాలని తయారుచేసిన నానో పదార్థాలున్న ఆహారం సేంద్రియ ప్రాసెసింగ్‌లో చెల్లదు. కొనేముందు మీకు ధ్రువపత్రం ఇచ్చే సంస్థ దగ్గర రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

కొండ గుగ్గిలం గురించి ఒక మాట. అది మన తూర్పు కనుమల దక్షిణ కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు. పరిశోధనకు చిన్న బెరడు ముక్క చాలు. మందు పేరుతో జనం బెరడు కోసం ఎగబడితే చెట్టు మిగలదు. మునగాకు, వేపాకుతో అయ్యే పనికి ఆ చెట్టు జోలికి పోవాల్సిన పని లేదు.