కూడబలుక్కుని చదివినా కథ కథే



మీరు అక్షరాలు నేర్చుకున్నారు. పేరు రాస్తున్నారు. బస్సు బోర్డు చదువుతున్నారు. పొదుపు సంఘం పుస్తకంలో వేలిముద్ర మానేసి సంతకం పెడుతున్నారు. ఇది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు ఇంకొక పని మొదలుపెడదాం. దీనికి డబ్బు అక్కర్లేదు. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. రాత్రి అన్నాలు తిన్నాక పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక కథ చెప్పండి. లేదంటే ఒక పేజీ చదివి వినిపించండి. అంతే.

"ఇంత చిన్న పనికి ఒక పాఠం కావాలా?" అంటారేమో. కావాలి. ఎందుకంటే ఈ పని ఇద్దరి చదువును నిలబెడుతుంది. ఒకటి పిల్లల చదువు. రెండోది మీ చదువు.

వాడని కొడవలికి తుప్పు

కొడవలిని చూరులో పెట్టి మరిచిపోతే ఏమవుతుంది? తుప్పు పడుతుంది. అక్షరాలూ అంతే. కష్టపడి నేర్చుకున్నవాళ్ళు కూడా చదవడం మానేస్తే మరిచిపోతారు. మొదట ఒత్తులు పోతాయి. తరువాత గుణింతాలు పోతాయి. చివరికి పేరు ఒక్కటే మిగులుతుంది.

1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 44 మందికే చదువు వచ్చు. 2011 లెక్కల నాటికి నూటికి 67 మంది అయ్యారు. ఇందులో సాక్షరతా కేంద్రాల కష్టం కూడా ఉంది. లాంతరు వెలుగులో పలక పట్టిన అమ్మలూ అయ్యలూ ఎందరో ఉన్నారు. ఆ కష్టం నిలవాలంటే రోజూ ఏదో ఒకటి చదవాలి. ఒంటరిగా చదవాలంటే నిద్ర వస్తుంది. పక్కన బిడ్డ ఉంటే కథ మధ్యలో ఆపనివ్వదు!

వెనక వరసలో కూర్చునే బిడ్డ

ఇక పిల్లల సంగతి చూద్దాం. ఒకటి, రెండు తరగతుల్లో పిల్లలు చదవడం నేర్చుకుంటారు. మూడో తరగతి దాటాక చదివి నేర్చుకోవాలి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

చదవడం సరిగా రాని బిడ్డకు లెక్కలు కూడా రావు. ఎందుకు? కూడిక రాక కాదు. లెక్కలో ఏమి అడిగారో చదవలేక. ఆ బిడ్డ నెమ్మదిగా వెనక వరసలోకి జరుగుతాడు. పంతులుగారి కంట పడకుండా తల వంచుకుంటాడు. పొద్దున లేస్తే కడుపు నొప్పి అంటాడు. పత్తి తీతల రోజుల్లో చేనుకు వస్తానంటాడు. ఒకసారి బడి మానితే మళ్ళీ రావడం కష్టం. ఆడపిల్ల అయితే ఇంకా కష్టం. తమ్ముణ్ణి ఎత్తుకోవడం, నీళ్ళు తేవడం, ఆపైన పెళ్ళి.

ఇంట్లో కథలు విన్న బిడ్డకు బడిలో పుస్తకం కొత్తగా ఉండదు. పుస్తకంలో ఏదో కథ దాగి ఉంటుందని వాడికి తెలుసు. అందుకే తెరిచి చూస్తాడు.

"నాకే సరిగా రాదు గదా!"

మన కేంద్రానికి వచ్చే ఒక అక్క నన్ను ఇలా అడిగింది.

"టీచరమ్మా! మా పాప మూడో తరగతి. దానికి నాకన్నా బాగా వచ్చు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. ఒత్తు వస్తే ఆగిపోతా. అది నవ్వితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఒక వారం చదివి చూడక్కా" అన్నాను.

వారం తరువాత ఆ అక్కే చెప్పింది. "మొదటి రోజు నవ్వింది. నేనూ నవ్వాను. రెండో రోజు 'అది క్ష అమ్మా' అని చూపించింది. మూడో రోజు అదే పుస్తకం పట్టుకొచ్చి, 'రా అమ్మా, నక్క ఏమయిందో చూద్దాం' అని కొంగు పట్టి లాగింది."

చూశారా! బిడ్డ మనకు పరీక్ష పెట్టదు. అమ్మ పక్కన కూర్చుందా, లేదా? దానికి కావలసింది అదే. తడబడుతూ చదివే అమ్మను చూసి బిడ్డ ఒక మంచి సంగతి నేర్చుకుంటుంది. రాకపోతే ఆగవచ్చు, మళ్ళీ చదవవచ్చు, ఇందులో సిగ్గు లేదు అని. బడిలో తను తడబడినప్పుడు ఆ సంగతే ధైర్యం ఇస్తుంది.

నోటి కథ కూడా చదువే

పుస్తకం లేని రోజు ఏమి చేయాలి? మన దగ్గర నోటి కథలు బోలెడు ఉన్నాయి. ఏడు చేపల కథ మీ అందరికీ వచ్చు. రాజు కొడుకులు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒక చేప ఎండదు. ఎందుకని అడిగితే ఆ చేప గడ్డిమోపు మీద చెబుతుంది. గడ్డిమోపు ఆవు మీద చెబుతుంది. అలా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ పోతే చివరికి ఒక చిన్న చీమ దగ్గర తేలుతుంది.

ఈ కథ వింటే పిల్లలకు ఏమి వస్తుంది? ఒక పనికి వెనక ఒక కారణం ఉంటుందని తెలుస్తుంది. ఏది ముందు, ఏది తరువాత అని గుర్తు పెట్టుకోవడం వస్తుంది. "తరువాత ఎవరు?" అని ముందే ఊహించడం వస్తుంది. పుస్తకం చదవడానికి ఈ మూడూ కావాలి. కాబట్టి అక్షరం రాని నాయనమ్మ కథ చెప్పినా అది చదువుకు పునాదే. ఆమెను కూడా పిలిచి కూర్చోబెట్టండి.

ఎలా చదవాలి?

1. టీవీ, ఫోను కట్టేయండి. వెలుగు పుస్తకం మీద పడేలా కూర్చోండి.

2. బిడ్డను ఒడిలోనో పక్కనో కూర్చోబెట్టుకోండి. పుస్తకం ఇద్దరికీ కనబడాలి.

3. ముందు బొమ్మ చూడండి. "ఇందులో ఏముంది? ఏమి జరుగుతుందంటావు?" అని అడగండి.

4. మాట కింద వేలు పెట్టి చదవండి. మన నోట వచ్చే మాట, పేజీ మీద ఉన్న మాట ఒకటేనని బిడ్డ తెలుసుకుంటుంది.

5. పులి మాట్లాడితే పులిలాగ, కుందేలు మాట్లాడితే కుందేలులాగ గొంతు మార్చండి. సిగ్గుపడకండి. చూసేది మీ బిడ్డే.

6. మధ్యలో ఆగి, "నువ్వయితే ఏమి చేస్తావు?" అని అడగండి. ఏమి చెప్పినా వినండి.

7. బిడ్డకు చదవడం వస్తే ఒక వాక్యం మీరు, ఒక వాక్యం బిడ్డ చదవండి.

8. చదివిన కథే మళ్ళీ అడిగితే మళ్ళీ చదవండి. పది సార్లు అడిగినా పరవాలేదు. తెలిసిన కథలోనే అక్షరాలు బాగా పట్టుబడతాయి. మీకూ అంతే!

ఇవి వద్దు

ప్రతి తప్పునూ దిద్దకండి. కథ చెడిపోతుంది. చదవలేదని కొట్టకండి, తిట్టకండి. దెబ్బతో పుస్తకం మీద భయం పుడుతుంది గాని ప్రేమ పుట్టదు. "పక్కింటి పిల్లను చూడు" అని పోల్చకండి. నిద్ర వస్తుంటే ఆపేయండి. మిగతా కథ రేపటికి ఉంటుంది. రేపు అదే అడుగుతుంది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

మన తెలుగువాళ్ళకు పుస్తకాల విషయంలో గొప్ప చరిత్ర ఉంది. 1901లో నిజాం పాలన రోజుల్లోనే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టారు. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ మీద ఊళ్ళకు పంపారు. పుస్తకం దగ్గరకు మనిషి రాలేకపోతే మనిషి దగ్గరకే పుస్తకం పోయింది. 1947 జులైలో పిల్లల కోసం 'చందమామ' పత్రిక మొదలయింది. ఎన్నో ఏళ్ళు వచ్చి తరువాత ఆగిపోయింది. పాత ప్రతులు ఇంకా కొందరి ఇళ్ళలో ఉన్నాయి. అడిగి చూడండి.

ఇప్పుడు పుస్తకాలు దొరికే చోట్లు ఇవి.

బడి: బడిలో కథల పుస్తకాలు ఉంటాయి. కొన్నిచోట్ల బీరువాకు తాళం వేసి ఉంటుంది. చిరిగిపోతాయని భయం. మీరు నలుగురు తల్లులు కలిసి వెళ్ళి అడగండి. "పిల్లలకు ఇంటికి ఇవ్వండి, మేము జాగ్రత్తగా తిరిగి పంపుతాము" అని చెప్పండి. చిరిగిన పుస్తకం అతికించవచ్చు. ఎవరూ తెరవని పుస్తకాన్ని చెదలు తింటాయి.

గ్రంథాలయం: 1960లో వచ్చిన చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. వాటి కింద శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి. వాటి ఖర్చుకు డబ్బు ఎక్కడిది? మనం కట్టే ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. దానినే సెస్సు అంటారు. మీ పన్ను రసీదు తీసి చదవండి. అంటే గ్రంథాలయం మనది. లోపలికి వెళ్ళడానికి వెనకాడకండి. పిల్లల్ని తీసుకుని వెళ్ళండి.

ఫోను: ఫోనులో కూడా కథలున్నాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. కాని ఫోను బిడ్డ చేతికి ఇచ్చి వెళ్ళిపోకండి. పక్కన కూర్చుని మీరే చదవండి.

మన ఇంటి పుస్తకం

అన్నిటికన్నా దగ్గరలో ఉన్న పుస్తకం మీరు రాసేదే. పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాలు చించి కుట్టండి. మీ ఇంట్లో జరిగిన సంగతి బిడ్డను చెప్పమనండి. చెప్పింది చెప్పినట్టే పెద్ద అక్షరాలతో రాయండి. బొమ్మ బిడ్డ వేస్తుంది. ఇలా ఉంటుంది చూడండి:

మా మేక నల్లది.
దానికి చింతాకు ఇష్టం.
నిన్న తాడు తెంపుకుంది.
పెద్దమ్మ దొడ్లో దూరింది.
బీర తీగ అంతా మేసింది.
పెద్దమ్మ వచ్చి తిట్టింది.
మేకను కాదు, నన్ను!

ఇది బిడ్డ సొంత మాట. కాబట్టి చదవడం సులువు. పేరు కూడా రాయండి. "చెప్పింది పాప, రాసింది అమ్మ" అని. తను చెప్పిన మాట పుస్తకం అయిందని చూసుకున్న బిడ్డకు ఇక పుస్తకం అంటే భయం ఉండదు.

రోడ్డు మీద, ఇంట్లో కూడా చదివించండి. సబ్బు కాగితం, విత్తనాల సంచి, పెళ్ళి శుభలేఖ, గోడ మీద రాత, అన్నీ చదువే. "మ ఎక్కడుందో వెతుకు" అంటే అది ఆట అవుతుంది.

అన్నలకు ఒక మాట

ఈ పని అమ్మలది మాత్రమే కాదు. పొద్దంతా పని చేసి వచ్చిన నాన్న పదిహేను నిమిషాలు కథ చెబితే పిల్లలు ఎంత మురిసిపోతారో చూడండి. కొడుకును కూర్చోబెట్టి, కూతురిని అంట్లు తోమడానికి పంపకండి. అంట్లు తోమాకే కథ మొదలుపెట్టండి. లేదంటే అందరూ కలిసి తోమండి. కథ ఇద్దరిదీ.

పనికోసం వేరే ఊరు వెళ్ళారా? రాత్రి ఫోను చేసినప్పుడు "తిన్నావా, బడికి పోయావా" అని అడిగి ఊరుకోకండి. సగం కథ చెప్పండి. మిగతా సగం రేపటికి ఉంచండి. రేపు ఫోను కోసం బిడ్డ ఎదురు చూస్తుంది.

వానాకాలంలో నారు పోసినట్టు ఇది చిన్నప్పుడే పోయాలి. కోత కొన్నేళ్ళకు వస్తుంది. ఈ రాత్రికే ఒక గుప్పెడు గింజలు చల్లండి.

కొత్త మాటలు

పునాది: ఇంటికి అడుగున కట్టే గట్టి భాగం.
గ్రంథాలయం: పుస్తకాలు ఉంచే, చదువుకునే చోటు.
ప్రతి: అచ్చయిన పుస్తకాల్లో ఒకటి.
సెస్సు: ఒక పని కోసం ప్రత్యేకంగా వసూలు చేసే పన్ను.

కలిసి మాట్లాడుకుందాం

1. చిన్నప్పుడు మీకు కథలు ఎవరు చెప్పేవారు? ఏ కథ ఇంకా గుర్తుంది?
2. మన ఊరిలో బడి మానేసిన పిల్లలు ఎవరైనా ఉన్నారా? వాళ్ళకు చదవడం వచ్చా?
3. మన బడిలో కథల పుస్తకాలు ఎన్ని ఉన్నాయి? ఎవరు వెళ్ళి అడుగుదాం? ఎప్పుడు?

చేసి చూడండి

ఈ వారం మీ ఇంటి పుస్తకంలో ఒక పేజీ రాయండి. వచ్చే వారం కేంద్రానికి తెచ్చి అందరికీ చదివి వినిపించండి. బిడ్డను కూడా తీసుకురండి.