అల్లిక – నెమ్మది, నేర్పు

తెలుగులో 'అల్లిక' అన్న మాట పరిధి విశాలమైనది. పూలను దండగా అల్లుతారు. జడను అల్లుతారు. చాపను, బుట్టను, వలను, నులక మంచాన్ని అల్లుతారు. అంతటితో ఆగక కథలను, కవితలను కూడా అల్లుతారు. అల్లసాని పెద్దన కవిత్వంలోని గొప్పదనాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువారు ఎంచుకొన్న మాట కూడా అల్లికయే. చేతిపనికీ, కవితా రచనకూ ఒకే క్రియను వాడుకొన్న ఈ భాషలో ఒక అనుభవసారం దాగి ఉన్నది. వేళ్ళు నిత్యం చేసే చిన్న పని మనసును కుదుటపరుస్తుంది. కుదుటపడిన మనసులో కొత్త ఊహ మొలకెత్తుతుంది.

చలిదేశాలలో అల్లిక అనగానే ఉన్నిదారం, రెండు సూదులు గుర్తుకు వస్తాయి. సూదులతో అల్లేటప్పుడు ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా తనలో తానే పెనవేసుకొని వస్త్రమవుతుంది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల మండుటెండలలో ఉన్నికి అంతగా పనిలేదు. ఇక్కడి దారం నూలు. ఈ మైదానాల నల్లరేగడి నేలలో పత్తి, మిరప పక్కపక్కనే పండుతాయి. కల్లాలలో మిరపపండ్లు ఎర్రగా ఆరుతూ ఉంటే, పక్క చేలలో పత్తికాయలు తెల్లగా పగులుతూ ఉంటాయి. అందువల్ల ఇక్కడివారి చేతులకు అలవడిన అల్లిక మగ్గపు నేత. అందులో నిలువుదారాలైన పడుగు, అడ్డుదారమైన పేక ఒకదానితో ఒకటి కలుస్తాయి. మంగళగిరి, చీరాల, పేరాల, వేటపాలెం, జాండ్రపేట, ఈపూరుపాలెం ఈ విద్యకు పేరుపొందిన ఊళ్ళు. చీరాల 1970లో గుంటూరు జిల్లా నుండి ప్రకాశం జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి చేరినది. జిల్లాల పేర్లు మారినా మగ్గం చప్పుడు మాత్రం మారలేదు.

గుంటమగ్గం వద్ద నేతపనివారు నేలమట్టాన కూర్చొని, కాళ్ళను గుంటలోనికి జారవిడుస్తారు. కాలితో తొక్కగానే పడుగు రెండు పొరలుగా విడిపోతుంది. ఆ సందులో నుండి నాడె దూసుకొనిపోతుంది. దువ్వెన వంటి చట్రం వచ్చి పేకను దగ్గరకు నెడుతుంది. మళ్ళీ కాలు, మళ్ళీ నాడె, మళ్ళీ చట్రం. ఇంటిలో మరొకరు రాట్నంపై కండెలు చుట్టి అందిస్తూ ఉంటారు. విశ్రాంతి లేక అటూ ఇటూ తిరిగే మనిషిని 'ఆసులో కండె'తో పోల్చడం తెలుగు నానుడి. కాని కండె ఎన్నిసార్లు తిరిగినా ఆ తిరుగుడులో ఒక లయ ఉన్నది. లయ ఉన్నచోట శ్రమలోని బరువు కొంత తగ్గుతుంది.

ఈ పనిలో నెమ్మది కలగడానికి కారణాలు లేకపోలేదు. చేయవలసినది ఎప్పుడూ తరువాతి ఒక్క పోగే. వేయి పోగులను గురించి ఒక్కసారిగా దిగులుపడనక్కరలేదు. పోగు తెగితే ముడివేసుకొని ముందుకు సాగవచ్చు. జరిగిన పని కళ్ళ ఎదుటనే అంగుళం అంగుళంగా పెరుగుతుంది. చూపు, చేయి, కాలు ఒకే పనిలో కలిసినప్పుడు చెదిరే ఆలోచనలకు చోటు తగ్గుతుంది. ఉన్ని అల్లేవారిలోనూ ఇదే అనుభవం కనిపించినది. వివిధ దేశాలకు చెందిన 3,545 మంది అల్లికపనివారిని ప్రశ్నించి చేసిన ఒక సర్వే ఫలితాలు 2013లో వెలువడినవి. తరచుగా అల్లేవారిలో ఎక్కువమంది తమకు ప్రశాంతత, సంతోషం కలుగుతున్నవని తెలిపారు. ఇది వారు తమను గురించి తాము చెప్పిన మాట. వైద్యానికి బదులుగా దీనిని తీసుకోరాదు. అయినా మగ్గాల ఊళ్ళు తరతరాలుగా ఎరిగిన విషయానికి ఇది బలం చేకూర్చుతున్నది.

నూలు వడకడంలోని ఈ గుణాన్ని మహాత్మాగాంధీ ప్రజాజీవితానికి అన్వయించారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ సంఘ సమావేశం దేశంలో 20 లక్షల రాట్నాలను తిరిగేటట్లు చేయాలని తీర్మానించినది. పరాయి వస్త్రంపై ఆధారపడకుండా ఉండడం దీని ఆర్థిక లక్ష్యం. గాంధీ స్వయంగా ప్రతిదినం వడికేవారు. జైలులోనూ ఆ నియమాన్ని విడువలేదు. ఆయనకు రాట్నం స్వావలంబనకు సాధనం, మనోనిగ్రహానికి అభ్యాసం. తొందరపడితే దారం తెగుతుంది. ఏమరితే లావు సన్నం అవుతుంది. ఏకును పోగుగా సాగదీసే చేయి ఓర్పును పుస్తకంలో చదివి నేర్చుకోదు.

నిత్యం ఒకే విధంగా చేసే పనిలో సృజనకు తావెక్కడిదని సందేహం కలుగవచ్చు. దీనికి చీరాల నేతపనివారు ఇచ్చిన సమాధానం తేలియా రుమాలు. హిందూస్థానీలో 'తేల్' అనగా నూనె. నూనె, ఆముదపు కాయల తొక్కలను కాల్చిన బూడిద, నీరు కలిపి, ఆ ద్రవంలో నూలు చిలపలను నానబెట్టి, పిసికి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ నానబెడతారు. ఈ విధంగా రెండు మూడు వారాలు సాగిన తరువాత నూలు ఎర్రరంగును గాఢంగా పట్టుకొంటుంది. ఆపైన పడుగులోనూ పేకలోనూ రంగు అంటకూడని చోట్ల గట్టిగా ముడులు కట్టి, రంగులో ముంచుతారు. అందువల్ల బొమ్మ మగ్గం ఎక్కకముందే దారంలో సిద్ధమవుతుంది. నేసేటప్పుడు పడుగులోని ఎరుపు, పేకలోని ఎరుపు ఒకే బిందువు వద్ద కలుసుకోవాలి. లెక్క వెంట్రుకవాసి తప్పినా రూపం చెదురుతుంది.

ఈ రుమాలుకు చదరపు ఆకారం. ముఖ్యంగా ఎరుపు, నలుపు, తెలుపు అనే మూడే రంగులు. ఇంత చిన్న హద్దులో నేతపనివారు గళ్ళను, చుక్కలను, పక్షులను, ఏనుగులను, సింహాలను తీర్చారు. 20వ శతాబ్దంలో కొత్త వింతలు లోకంలోకి వచ్చినప్పుడు గడియారాలను, విమానాలను కూడా రుమాలులోనికి దింపారు. ఇక్కడ సృజన రహస్యం తేటపడుతున్నది. ముడివేయడం వేళ్ళకు అలవాటైపోయినందువల్ల మనసుకు తీరిక దొరికినది. హద్దులు స్థిరంగా ఉన్నందువల్ల ఊహకు ఊతం దొరికినది. ఛందస్సు కవికి ఎటువంటిదో, పడుగు నేతపనివారికి అటువంటిది. ఈ రుమాళ్ళు తలపాగాలుగా, లుంగీలుగా దేశంలో వాడుకలోకి వచ్చినవి. సముద్రం దాటి అరబ్బు దేశాలకూ చేరినవి.

అల్లిక నుండి శాస్త్రం కూడా ప్రేరణ పొందినది. అతిపరావలయ జ్యామితిలోని తలం అంచుల వైపు పోయేకొద్దీ విస్తరిస్తూ ముడతలు పడుతుంది. దానిని కాగితంతో చేస్తే చిరిగిపోయేది, నిలిచేది కాదు. లాత్వియాలో పుట్టి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో బోధించిన దైనా తైమిన్యా 1997లో కొక్కెపు సూదితో దానిని అల్లి చూపారు. నిర్ణీత నిష్పత్తిలో కుట్లు పెంచుకొంటూ పోవడమే ఆమె పాటించిన సూత్రం. ఇంటిలో నేర్చిన చేతిపని గణితంలోని ఒక భావాన్ని చేతితో తాకి చూడదగినదిగా చేసినది.

అయితే అల్లే చేతులన్నింటికీ నెమ్మది దక్కుతున్నదని భావించడం పొరపాటు. గోదావరి తీరాన నర్సాపురం ప్రాంతపు స్త్రీలు కొక్కెపు సూదితో చక్కని లేసులు అల్లుతారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ విద్య విదేశాలకు ఎగుమతులను తెచ్చిపెట్టినది. కాని ఇంటిలో గంటల తరబడి శ్రమించే ఆ స్త్రీలను లోకం శ్రామికులుగా గుర్తించక, తీరికవేళ కాలక్షేపం చేసే గృహిణులుగానే లెక్కించినదని, వారికి దక్కే కూలి బహు స్వల్పమని, జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో వెలువడిన తన గ్రంథంలో వివరించారు. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తింపు పేరుకు రక్షణ ఇస్తుంది. ఆ పేరు వల్ల వచ్చే లాభంలో అల్లిన చేతికి న్యాయమైన వాటా దక్కడం అంతకంటె ముఖ్యం.

చేనేత స్థితి కూడా ఇటువంటిదే. 2019–20 గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైగా చేనేత, అనుబంధ కార్మికులు ఉన్నారు. వారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. మరమగ్గాల పోటీ నుండి రక్షించడానికి 1985లో కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయిస్తూ చట్టం వచ్చినది. అయినా నూలు ధర, అప్పు, గిరాకీ లేమి మగ్గాన్ని వెంటాడుతూనే ఉన్నవి. అప్పులవాడి అడుగుల చప్పుడు వినిపిస్తూ ఉంటే నాడె లయ చెవికి ఎక్కదు. శ్రమకు తగిన ఫలితం లేకపోవడం వల్లనే చీరాలలో తేలియా విద్య సన్నగిల్లినది. అది తెలంగాణలోని పుట్టపాకలో నిలదొక్కుకొన్నది. ఆ కళకు చేసిన సేవకు గజం గోవర్ధన 2011లో పద్మశ్రీ అందుకొన్నారు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక ఊరి చేతులు విడిచిన పోగును మరొక ఊరి చేతులు అందుకొన్నవి.

అల్లిక ఇచ్చే నెమ్మది గొప్ప ఖర్చుతో కూడినది కాదు. దారపు ఉండ, సూది, కొంత తీరిక ఉన్నవారెవరైనా దానిని రుచి చూడవచ్చు. పరీక్షల ఒత్తిడిలో ఉన్న విద్యార్థికి కూడా అది అందుబాటులోనిదే. ఆ విధంగా ఒక్క రుమాలును సొంతచేతులతో అల్లినవారు దుకాణంలో చేనేత వస్త్రాన్ని చూసినప్పుడు ధరను మాత్రమే చూడరు. ప్రతి పోగు వెనుక గల కాలాన్నీ, నేర్పునూ లెక్కగట్టగలుగుతారు. నేసినవారికి ఆ లెక్క ప్రకారం విలువ చెల్లినప్పుడే వారి మగ్గం వద్ద కూడా నెమ్మది నిలుస్తుంది.

అభ్యాసం

1. 'అల్లిక' అన్న పదం చేతిపనికీ, కవిత్వానికీ ఏ విధంగా వర్తిస్తుందో వివరించండి.
2. తేలియా రుమాలు తయారీ విధానాన్ని తెలిపి, అందులోని సృజనాత్మకతను చర్చించండి.
3. నర్సాపురం లేసు స్త్రీల స్థితి ద్వారా రచన తెలుపుతున్న సత్యమేమి?
4. "ఛందస్సు కవికి ఎటువంటిదో, పడుగు నేతపనివారికి అటువంటిది" – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.