కనిపించని వార్తాహరుడు

మనసులోని మాటను దూరాన ఉన్నవారికి చేరవేయాలన్న తపన మానవునికి అనాదిగా ఉన్నది. తిక్కన రచించిన ఉద్యోగపర్వంలో ద్రుపదుని పురోహితుడు, సంజయుడు, శ్రీకృష్ణుడు రాయబారులై వెళ్తారు. ఎవరు పంపారో, ఎవరికి చెప్పాలో, ఏమి చెప్పాలో ఎరిగి మెలగడం దూతధర్మం. కంప్యూటర్ల లోకంలోనూ అటువంటి దూత ఉన్నాడు. అతడు తెరపై కనిపించడు. తెర వెనుక పనిచేస్తాడు. అదే నేపథ్య సేవ. యూనిక్స్ పరిభాషలో దానిని ‘డీమన్’ అంటారు. భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఊహించిన, అణువులను అలుపు లేక వేరుచేసే భూతం నుండి అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 1960వ దశకంలో ఈ పేరును గ్రహించారు.

సిద్ధిపేటలోని ఒక కళాశాల ప్రయోగశాలలో ముప్పై యూనిక్స్ కంప్యూటర్లు నెట్‌వర్క్‌తో అనుసంధానమై ఉన్నాయని భావిద్దాం. పదవ కంప్యూటర్ వద్ద ఉన్న విద్యార్థిని, ఇరవయ్యో కంప్యూటర్ వద్ద ఉన్న స్నేహితురాలితో సంభాషించదలచింది. ఇందుకు 1983లో 4.2 బి.ఎస్.డి.తో వెలువడిన ‘టాక్’ అనే ప్రోగ్రాం ఉపకరిస్తుంది. ప్రతి కంప్యూటర్‌లోనూ ‘ఐనెట్‌డి’ అనే సేవ ద్వారపాలకుని వలె కాచుకొని ఉంటుంది. పిలుపు రాగానే అది ‘టాక్‌డి’ అనే వార్తాహరుని మేల్కొలుపుతుంది. ఫలానా వారు పిలుస్తున్నారని టాక్‌డి స్నేహితురాలి తెరపై తెలియజేస్తుంది. ఆమె బదులు పలికితే ఇద్దరి ప్రోగ్రాంలు నేరుగా కలుస్తాయి, వార్తాహరుడు తప్పుకుంటాడు. పిలుపులు వద్దనుకున్నవారు తమ వాకిలిని మూసుకొనే ఆజ్ఞ కూడా ఉన్నది.

వాకిలి తెరిచి ఉన్నదన్న సంగతే తెలియకపోతే ఏమవుతుంది? విండోస్ 2000, ఎక్స్‌పి వ్యవస్థలలో ‘మెసెంజర్’ అనే సేవ ఉండేది. ముద్రణ పూర్తయిందనో, సర్వర్‌ను ఆపుతున్నామనో కార్యాలయ సిబ్బందికి తెలపడానికి అది ఉపయోగపడేది. అడగకుండానే అది అనేక ఇళ్ల కంప్యూటర్లలోనూ నడిచేది. అవి రక్షణ లేకుండా ఇంటర్నెట్‌తో కలిసినప్పుడు, అపరిచితులు ఆ దారినే ప్రకటనలను తెరలపైకి పంపసాగారు. ఆ సేవలోని లోపం వల్ల కంప్యూటర్ పరుల వశం కాగలదని 2003 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ హెచ్చరించి, సవరణను విడుదల చేసింది. 2004లో వచ్చిన ఎక్స్‌పి రెండవ సర్వీస్ ప్యాక్‌తో ఆ సేవను నిలిపి ఉంచింది. విస్టా నుండి పూర్తిగా తొలగించింది.

నేపథ్య సేవను నడిపేవారి బాధ్యత దీనినిబట్టి స్పష్టమవుతుంది. అవసరం లేని సేవను ఆపివేయాలి. అవసరమైన దానికి ఫైర్‌వాల్ అనే కోటగోడను కట్టాలి. పనికి మించిన అధికారం ఇవ్వరాదు. పాత టాక్ సంభాషణను యథాతథంగానే తీగపై పంపేది. నడుమ పొంచి ఉన్నవారు దానిని చదవగలిగేవారు. కాబట్టి నేడు సందేశాన్ని రహస్యలిపిలోకి మార్చి పంపడం తప్పనిసరి.

సిద్ధిపేట 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. కార్యాలయంలోనైనా, కళాశాలలోనైనా కంప్యూటర్లను కొని అమర్చడంతో పని ముగియదు. వాటిలో కంటికి కనిపించకుండా ఎవరెవరు సేవ చేస్తున్నారో తెలుసుకోవడం యజమాని ధర్మం. దూత ఎంత నమ్మకస్థుడైనా, కోట తలుపు కాపాడవలసింది కోటలోనివారే.