కృత్రిమ చిత్తడి నేలల్లో నత్రజని తొలగింపు: రుతువుల ప్రభావం, గణన పద్ధతి

ఉపోద్ఘాతం

మూసీ నది దిగువ ప్రాంతంలో హైదరాబాదు మురుగునీటితో వరి, పారాగడ్డి దశాబ్దాలుగా సాగవుతున్నాయి. ఇటువంటి నీటిని పొలానికి మళ్లించే ముందు శుద్ధి చేయడానికి జమ్ము, మెట్టతామర వంటి మొక్కలు పెంచిన కృత్రిమ చిత్తడి నేలలు ఉపయోగపడతాయి. వీటి పనితీరు అన్ని రుతువుల్లో ఒకే విధంగా ఉండదు. దానిని నీటి గాఢతతో మాత్రమే అంచనా వేస్తే తప్పుడు నిర్ధారణకు రావలసి వస్తుంది.

తొలగింపు విధానం

మురుగునీటిలోని నత్రజని అధికభాగం అమ్మోనియం రూపంలో ఉంటుంది. గాలి సోకే పొరల్లోని బాక్టీరియా దీనిని నైట్రేటుగా మారుస్తాయి. ఒక గ్రాము అమ్మోనియం నత్రజని ఇలా మారడానికి సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్ అవసరం. ఆక్సిజన్ లేని పొరల్లో వేరొక వర్గపు బాక్టీరియా సేంద్రియ కర్బనాన్ని వినియోగించుకొని నైట్రేటును నత్రజని వాయువుగా మారుస్తాయి. మొక్కలు గ్రహించిన నత్రజని తాత్కాలిక నిల్వ మాత్రమే. సకాలంలో కోసి తొలగించకపోతే, ఆకులు కుళ్లి అది తిరిగి నీటిలో చేరుతుంది.

రుతువుల ప్రభావం

శీతల దేశాల్లో నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గినప్పుడు నైట్రేటు తయారీ బాగా మందగిస్తుంది. మన మైదానాల్లో ఆ పరిస్థితి అరుదు. ఇక్కడి పరిమితులు వేరు. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 9.1 మి.గ్రా. ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద 7.6 మి.గ్రా. మాత్రమే కరుగుతుంది. వేసవిలో నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది. వర్షాకాలంలో నీరు పలచబడటమే కాక, మడిలో నిలిచే కాలం కూడా తగ్గుతుంది.

ఉదాహరణ

నీరు ఇంకకుండా అడుగున పొర వేసిన 4,000 చదరపు మీటర్ల మడిలోకి రోజుకు 100 ఘనపు మీటర్ల మురుగునీరు, లీటరుకు 40 మి.గ్రా. నత్రజనితో వస్తున్నదనుకుందాం. చేరే నత్రజని 4,000 గ్రాములు.

వేసవిలో రోజుకు 7.5 మి.మీ. నీరు ఆవిరైతే 70 ఘనపు మీటర్లు బయటకు వస్తాయి. ఆ నీటి గాఢత 28 మి.గ్రా. అయితే వెలువడే నత్రజని 1,960 గ్రాములు. గాఢత ప్రకారం తొలగింపు 30 శాతం. పరిమాణం ప్రకారం 51 శాతం.

వర్షాకాలంలో ఆవిరి పోగా 10 మి.మీ. వాన నీరు అదనంగా చేరితే 140 ఘనపు మీటర్లు వెలువడతాయి. గాఢత 20 మి.గ్రా. అయితే వెలువడే నత్రజని 2,800 గ్రాములు. గాఢత ప్రకారం తొలగింపు 50 శాతం. పరిమాణం ప్రకారం 30 శాతమే. అనగా గాఢతను మాత్రమే చూస్తే రెండు రుతువుల స్థానాలు తారుమారవుతాయి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. నమూనాలతోపాటు లోనికి వచ్చే, బయటకు పోయే నీటి పరిమాణాన్ని, వర్షపాతాన్ని నమోదు చేయాలి.

2. మొక్కలను ఆకులు ఎండిపోకముందే కోసి, మడి నుండి దూరంగా తరలించాలి.

3. ఎరువుల సిఫారసుకు మాత్రం గాఢతే ఆధారం. హెక్టారుకు 5 సెం.మీ. తడి అంటే 500 ఘనపు మీటర్లు. పై ఉదాహరణలోని వేసవి నీటితో ఒక్కో తడికి 14 కిలోల నత్రజని, అంటే సుమారు 30 కిలోల యూరియాకు సమానమైనది, పొలానికి చేరుతుంది. దీనిని లెక్కించకుండా పూర్తి మోతాదు వేస్తే వరి పడిపోవడం, దోమపోటు, అగ్గితెగులు ఉద్ధృతి పెరుగుతాయి.

ముగింపు

చిత్తడి నేల సామర్థ్యాన్ని నత్రజని పరిమాణంతోను, పైరు అవసరాన్ని నీటి గాఢతతోను నిర్ణయించాలి. ఈ రెండింటినీ ప్రతి రుతువులోను విడివిడిగా కొలిచినప్పుడే రైతుకు సరైన సలహా ఇవ్వగలం.