చిట్టా వ్రాసిన తండ్రి
(ఆటిజం గల బిడ్డల తలిదండ్రులకు ఒక పాఠము)

బిడ్డకు ఆటిజం ఉన్నదని వైద్యుడు చెప్పిననాడు తలిదండ్రులు ఆ మాటతో పాటు “ఇది ఎవరి దోషము?” అను ప్రశ్నను కూడ ఇంటికి తెచ్చుకొందురు. పెద్దలు తల్లి వైపు చూతురు. గ్రహచారమనువారు కొందరు, పూర్వకర్మ అనువారు కొందరు. పావగడ తాలూకా వల్లూరు వంటి పల్లెలోనైనను, పట్టణపు బజారువీధిలోనైనను ఈ బాధ ఒక్కటే. వైద్యశాస్త్రమున కెక్కిన ఒక కుటుంబపు కథ ఇట్టివారు తెలిసికొనదగినది.

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రమందలి ఫారెస్ట్ అను చిన్న ఊరిలో 1933లో డొనాల్డ్ ట్రిప్లెట్ జన్మించెను. తండ్రి న్యాయవాది, తల్లి పుట్టినింటివారు బ్యాంకు గలవారు. బాలుడు పిలిచిన పలుకడు. వస్తువులను గిరగిర త్రిప్పుచు తనలో తానుండును. వైద్యుల సలహాపై 1937లో అతనిని దూరమున ఒక సంస్థలో ఉంచిరి. తలిదండ్రుల మనసు నిలువలేదు. మరుసటి ఏడు ఇంటికి తెచ్చుకొనిరి.

తండ్రి బిడ్డ నడవడిని వివరించుచు బాల్టిమోరులోని డాక్టరు లియో కానర్‌కు 33 పుటల లేఖ పంపెను. కానర్ 1943లో 11 మంది పిల్లలను గూర్చి వ్యాసము ప్రకటించెను. అందు మొదటివాడు డొనాల్డే. ఆటిజం పరిశోధనకు ఆ లేఖయు ఒక పునాది యయ్యెను.

అయినను నింద తలిదండ్రులను విడువలేదు. తల్లి ప్రేమ చాలకనే ఇట్లగునను వాదము 1950, 60 దశకములలో ప్రబలెను. ఆటిజం గల బిడ్డకు తండ్రియైన శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో గ్రంథము వ్రాసి దానిని ఖండించెను. 1969లో తలిదండ్రుల సభలో కానరే వారిని నిర్దోషులని చెప్పెను. ఇది మెదడు పెరుగుదలకు సంబంధించినదనియు, పెంపకపు లోపము కాదనియు నేడు నిశ్చయము. కావున తల్లిని మాటలతో నొప్పించుట అన్యాయము, అది హింసయే.

నింద తొలగిన పిదప పని మొదలగును. వర్తకుడు చిట్టా వ్రాయక దుకాణము మూయడు. బిడ్డ ఏమి అడిగెను, దేనికి బెదరెను, దేనికి శాంతించెను అని అట్లే దినదినము వ్రాసికొనవలెను. బెంగుళూరు నిమ్హాన్స్‌లోగాని, మైసూరు వాక్‌శ్రవణ సంస్థలోగాని చూపించునపుడు ఆ పుస్తకము ఎంతో ఉపకరించును.

ఈ ప్రాంతమున ఇంట తెలుగు, బడిలో కన్నడము. కొన్ని వర్తక కుటుంబములలో మార్వాడీ కూడ. భాషలు ఎక్కువై మాట రాలేదని ఇంటిభాషను మానిపించువారు గలరు. రెండు భాషలు వినుట వలన ఇట్టి పిల్లలకు మాట మరింత ఆలస్యమగునని పరిశోధనలలో తేలలేదు. అవ్వ లాలిపాట మాన్పింప నక్కరలేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. ధ్రువపత్రము తీసికొనుట నామోషి కాదు. “మా తరువాత ఎవరు?” అను దిగులునకు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమున సంరక్షకుని నియమించు ఏర్పాటు గలదు. అన్నదమ్ములు ఆ మాటను ముందుగనే కూర్చుండి తేల్చుకొనవలెను.

డొనాల్డ్ పట్టభద్రుడై, ఊరి బ్యాంకులో అనేక సంవత్సరములు పనిచేసి, 2023లో 89వ ఏట మరణించెను. బిడ్డలందరును అట్లగుదురని చెప్పరాదు. జీవితాంతము సాయము కావలసినవారును గలరు. కాని ఏ బిడ్డకైనను మొదట కావలసినది తనను దాచని ఇల్లు.